క్రీపర్ తలకాయ కావాలంటే ముందు గుంత తవ్వాలి

దేవరకొండలో నాది మోటార్ రివైండింగ్ షాపు. ఎండాకాలం కాలిపోయిన బోరు మోటార్లు వరుస కడతాయి, తలెత్తడానికి టైముండదు. వానలు పడ్డాక పని తగ్గుతుంది. అట్లా ఖాళీగా ఉన్న రోజుల్లో మా బిడ్డ నాకు బ్లాకులతో కట్టుకునే గేమ్ మైన్‌క్రాఫ్ట్ నేర్పింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. గేమ్‌లో మా దేవరకొండ ఖిల్లా దర్వాజా కడుతోంది. గోడలు తనవి, దర్వాజా మీద పెట్టడానికి తలకాయలు తెచ్చే కూలి పని నాది. ఆ పనిలో చేయగలిగిన తప్పులన్నీ చేశాను కాబట్టి రాస్తున్నా. ఇదంతా కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్ సంగతి. ఫోన్‌లో ఆడేదానికి కొన్ని తేడాలుంటాయి.

తలకాయలు మొత్తం ఏడు రకాలు. స్కెలిటన్ (ఎముకల గూడు), విథర్ స్కెలిటన్ (దాని పొడుగు జాతి), జాంబీ, క్రీపర్ (దగ్గరికొచ్చి పేలిపోయేది), ఆటగాడి తల 2012లోనే వచ్చాయి. డ్రాగన్ తల 2016లో, పిగ్లిన్ (పంది మొహంది) తల 2023లో చేరాయి. కత్తి పట్టుకొని రాత్రంతా జాంబీలను నరికినా ఒక్క తల రాలదు. నేను రెండు రాత్రులు నరికాను. మూడో రోజు బిడ్డ చూసి "డాడీ, అట్ల రాదు" అని నవ్వింది. జాంబీ, స్కెలిటన్, క్రీపర్, పిగ్లిన్ తలలు కావాలంటే వాటిని చంపాల్సింది మనం కాదు, ఛార్జ్డ్ క్రీపర్. అంటే పిడుగు పడ్డ క్రీపర్. దాని పేలుడులో చచ్చినదాని తలే కింద పడుతుంది.

పిడుగు దానంతట అది క్రీపర్ పక్కన పడాలని కూర్చుంటే ఈ వానాకాలం కాదు, వచ్చే వానాకాలం కూడా అయిపోతుంది. మనమే పడేయాలి. దానికి చానలింగ్ (పిడుగు రప్పించే మంత్రం) ఎక్కించిన ట్రైడెంట్ (విసిరే త్రిశూలం) కావాలి. నీళ్లలో తిరిగే జాంబీలైన డ్రౌన్డ్‌లలో చేతిలో ట్రైడెంట్ పట్టుకొని కనిపించినవాటినే వేటాడండి, మిగతావాటితో టైం వేస్ట్. అదీ చంపిన ప్రతిసారీ ఇవ్వదు. రిప్‌టైడ్ ఉన్న ట్రైడెంట్ మీద చానలింగ్ ఎక్కదు, రెండు మంత్రాలూ కలవవు, చానలింగ్ పుస్తకం దాని కోసం దాచుకోవద్దు. లాయల్టీ మంత్రం మాత్రం కలుస్తుంది. విసిరింది తిరిగి చేతికొస్తుంది కాబట్టి అది వేసుకోండి.

చానలింగ్ పనిచేసేది ఉరుముల వాన పడుతున్నప్పుడే, అదీ పైన ఆకాశం కనిపించే చోటే. నా మొదటి తప్పు ఇక్కడే. వాన మొదలయ్యాక క్రీపర్‌ను వెతకడానికి బయల్దేరాను. దొరికేసరికి ఆకాశం తేటగా ఉంది. రెండోసారి గేమ్‌లో ఉరుములు మొదలైన పది నిమిషాలకు దేవరకొండలో కూడా గాలివాన మొదలై కరెంటు పోయింది. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, అది కూడా టప్పున ఆగిపోయింది. మోటార్ షాపు వాడి ఇంట్లో ఇన్వర్టర్ లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అందుకని వాన రాకముందే గుంత సిద్ధంగా పెట్టుకోవాలి. రెండు బ్లాకుల లోతు చాలు, క్రీపర్ ఎక్కి రాలేదు. గుంతకు అవతల నిలబడితే మీ మీదికి వస్తూ అదే పడుతుంది. పడగానే నేమ్ ట్యాగ్ (పేరు చీటీ) తొడగండి, లేకపోతే మీరు దూరం పోయి వచ్చేసరికి మాయమైపోతుంది. ట్యాగ్ తొడగడానికి దగ్గరికి పోతే 'స్స్' అంటుంది. టెన్షన్ పడొద్దు, వెనక్కి జరిగితే చల్లారుతుంది. మా దానికి బిడ్డ 'స్టార్టర్' అని పేరు పెట్టింది.

ఉరుములు మొదలయ్యాక ఎనిమిది పది బ్లాకుల దూరం నుంచి ట్రైడెంట్ ఒక్కసారి విసరండి. ఒక్కసారే. క్రీపర్ ప్రాణం 20. ట్రైడెంట్ దెబ్బ 8, పిడుగుది 5. అది తట్టుకుంటుంది, రెండో దెబ్బ తట్టుకోదు. మొదటిసారి దాని చుట్టూ నీలం మెరుపు చూసిన సంతోషంలో, తగిలిందో లేదో అని ఇంకోటి విసిరాను. స్టార్టర్ పోయింది. పేరు పెట్టిన పిల్ల ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఛార్జ్ అయ్యాక తల కావాల్సిన జాంబీనో స్కెలిటన్‌నో పడవలో ఎక్కించి గుంత పక్కకు తీసుకురండి. ముందే తెచ్చి పెడితే పిడుగు దెబ్బ దానికీ తగులుతుంది. పగలైతే ఎండకు కాలిపోతాయి, రాత్రి పెట్టుకోండి. చెకుముకితో క్రీపర్‌ను అంటించి, వెంటనే దాని వైపే తిరిగి డాలు ఎత్తి పట్టుకోండి. ఒకటిన్నర సెకన్లే టైము. మామూలు క్రీపర్ పేలుడు బలం 3 అయితే దీనిది 6, కాబట్టి కట్టడానికి దూరంగా చేయండి.

ఇంకో మాట. ఒక పేలుడుకు ఒక్క తలే. మేము జాంబీ, స్కెలిటన్, ఇంకో క్రీపర్‌ను ఒకచోట నిలబెట్టి ఒకేసారి లేపేశాం. దొరికింది జాంబీ తల ఒక్కటే. పిగ్లిన్ తల అన్నిటికన్నా చిరాకు. అది ఉండే నెదర్‌లో, అంటే పాతాళం లాంటి ఇంకో లోకంలో, పిడుగులు ఉండవు. పిగ్లిన్‌ను ఇటు తెస్తే 15 సెకన్లలో జాంబీ పిగ్లిన్‌గా మారిపోతుంది. అటూ ఇటూ దాటించే పోర్టల్‌కు నాలుగడుగుల్లో ఛార్జ్ చేసిన క్రీపర్‌ను ఉంచి, పిగ్లిన్ బయటికి రాగానే పేల్చాలి. మాకు మూడోసారికి దొరికింది.

విథర్ స్కెలిటన్ తలకు ఈ తతంగం అక్కర్లేదు, కత్తితోనే రాలుతుంది. మామూలు కత్తితో నూటికి 2.5 లెక్క. కత్తికి లూటింగ్ 3 (ఎక్కువ రాల్చే మంత్రం) ఉంటే 5.5. అంటే మూడు తలలకు లూటింగ్ లేకపోతే సగటున 120 చంపాలి, ఉంటే 55. నెదర్ కోటలో రెండు బ్లాకుల ఎత్తు సందు చేసుకొని లోపలి నుంచి కొట్టండి, అవి పొడుగు కాబట్టి దూరలేవు.

ఈ మూడు తలలతోనే మాకు పెద్ద నష్టం జరిగింది. కొత్త ఇంటికి దిష్టిబొమ్మ కడతాం కదా, బిడ్డ దర్వాజా ముందు అట్లాంటిదే చేద్దామంది. ముదురు రంగులో బాగుంటుందని సోల్ శాండ్ అనే ఇసుక బ్లాకులు తీసుకుంది. కింద ఒక బ్లాకు, దాని మీద అడ్డంగా చేతుల్లాగా మూడు. ఒక తల పెట్టింది, బాగుంది. "మూడు తలల దిష్టిబొమ్మ" అని రెండోది పెట్టింది. మూడోది పెట్టగానే బొమ్మ మాయమై, నీలంగా మెరుస్తూ ఏదో ఉబ్బడం మొదలుపెట్టింది. విథర్ అనే మూడు తలల రాక్షసిని పిలిచే పద్ధతి సరిగ్గా అదే! నాలుగు సోల్ శాండ్, మూడు విథర్ తలలు, చివర పెట్టేది తల. రెండు వారాలు కట్టిన దర్వాజా ఒక్క పేలుడుకు సగం పోయింది. దిష్టిబొమ్మ కావాలంటే గడ్డి మోపులతో చేసుకోండి.

నేల మీద పెడితే తల 16 దిక్కులకు తిరుగుతుంది, మీరు ఎటు నిలబడి పెడితే అటు చూస్తుంది. గోడ మీద నాలుగే. హెల్మెట్ బదులు పెట్టుకోవచ్చు కానీ దెబ్బలేమీ ఆపదు. లాభం ఏమిటంటే ఆ జాతివి మిమ్మల్ని సగం దూరం నుంచే గుర్తుపడతాయి. 16 బ్లాకుల నుంచి బాణం ఎక్కుపెట్టే స్కెలిటన్, దాని తల మీరు పెట్టుకుంటే 8 దాకా పట్టించుకోదు. విథర్, డ్రాగన్ తలలకు ఈ గుణం లేదు, అవి షోకుకే.

డ్రాగన్ తల ఎండ్ అనే ఇంకో లోకంలోని ఎండ్ సిటీ పక్కన గాల్లో ఉండే ఓడ ముక్కుకు ఉంటుంది. దానికి రెడ్‌స్టోన్ కరెంటు ఇస్తే నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పిగ్లిన్ తలకు ఇస్తే చెవులు ఆడిస్తుంది. ఇక్కడికొచ్చాక నేను బిడ్డకు నేర్పడం మొదలైంది. నోట్ బ్లాక్ (శబ్దం చేసే బ్లాకు) మీద, ఆటగాడి తల తప్ప, ఏ తల పెడితే దాని అరుపు వస్తుంది. గడపలో ప్రెషర్ ప్లేట్ పెట్టి, కింద నుంచి రెడ్‌స్టోన్ లాగి, క్రీపర్ తల ఉన్న నోట్ బ్లాక్‌కు కలిపాను. లోపలికి అడుగు పెట్టగానే వెనక 'స్స్' అంటుంది. తను రెండుసార్లు కుర్చీలోంచి లేచింది.

ఆటగాడి తల మాత్రం మామూలుగా దొరకదు, చీట్స్ ఆన్ చేసి గివ్ కమాండ్‌తో తెప్పించాలి. 1.20.5 నుంచి ఆ కమాండ్ రాసే తీరు మారింది, పాత వీడియోల్లోది కొడితే ఎర్ర అక్షరాలు వస్తాయి. మొన్న షాపు మూసి వచ్చేసరికి తిరిగి కట్టిన దర్వాజా నడిమధ్యన, డ్రాగన్ తలకు పైన, నా తలకాయ ఉంది. అడిగితే దిష్టికి అంది.