సున్నంతో టాగటోస్: గెలాక్టోస్ నుంచి తక్కువ కేలరీల చక్కెర ఇలా తీయండి

అల్యులోజ్ అనే ఇంకో తక్కువ కేలరీల చక్కెర చేయాలంటే ఎంజైమ్ వెతుక్కోవాలి. టాగటోస్‌కి ఆ తలనొప్పి లేదు, గెలాక్టోస్ (పాల చక్కెరలో ఉండే చక్కెర), సున్నం ఉంటే కాలేజీ ల్యాబ్‌లోనే అయిపోతుంది. తీపి దాదాపు పంచదారంత, కేలరీలు మాత్రం గ్రాముకు 4 బదులు 1.5. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మంచి టాపిక్.

18 గ్రాముల గెలాక్టోస్‌ని నీళ్లలో కరిగించి ఐసు టబ్‌లో పెట్టండి. వేరే బీకరులో 7.4 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్‌ని (అదే సున్నం) నీళ్లతో జారుగా కలిపి, చిటికెడు కాల్షియం క్లోరైడ్ వేసి, కలియబెడుతూ కొంచెం కొంచెంగా పోయండి. కిళ్లీ సున్నం వద్దు, ల్యాబ్ గ్రేడే వాడండి, కళ్లద్దాలు తప్పనిసరి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మామూలుగా క్షారంలో గెలాక్టోస్ కొంతవరకే టాగటోస్‌గా మారి ఆగిపోతుంది, కానీ కాల్షియం పుట్టిన టాగటోస్‌ని పుట్టినట్టే పట్టుకుని తెల్లటి ముద్దగా అడుగుకి దింపేస్తుంది కాబట్టి, ద్రావణంలో అది తగ్గినకొద్దీ మిగతా గెలాక్టోస్ కూడా అటే మారుతూ పోతుంది. తొందరపడి వేడి చేశారో, చక్కెర విరిగి ఆమ్లాలై మొత్తం గోధుమరంగుకి తిరుగుతుంది, ఇక దాన్ని పారబోయడమే.

రెండు మూడు గంటలయ్యాక వడకట్టి, ముద్దని కాసిని చల్లటి నీళ్లతో కడిగి, మళ్లీ నీళ్లలో కలిపి కార్బన్ డయాక్సైడ్ పంపండి. కిప్స్ అపరేటస్ (పాలరాయి ముక్కల మీద ఆమ్లం పడి గ్యాస్ పుట్టే గాజు పరికరం) ఉంటే చాలు, అయితే గ్యాస్‌ని ముందు నీళ్లలోంచి పోనివ్వండి, లేకపోతే ఆమ్లం ఆవిరి కూడా వచ్చేస్తుంది. పీహెచ్ 7 కంటే కిందికి వచ్చేసరికి సున్నమంతా కాల్షియం కార్బొనేట్‌గా కూర్చుంటుంది, టాగటోస్ నీళ్లలో మిగులుతుంది. వడకట్టండి.

మిగిలిన లవణాలు పోవడానికి ద్రావణాన్ని లవణాల అయాన్లని పట్టుకునే రెజిన్ పూసల గుండా పంపండి: ముందు కేటయాన్ (ధన అయాన్) రెజిన్, తర్వాత బలహీన క్షార రెజిన్. బలమైన క్షార రెజిన్ వాడితే చక్కెర దానిమీదే మళ్లీ మారడం మొదలెడుతుంది! తర్వాత వ్యాక్యూమ్‌లో తక్కువ వేడి మీద పాకంలా చిక్కబరిచి, ఇథనాల్ కలిపి, ఉంటే రెండు టాగటోస్ పలుకులు వేసి వదిలేయండి. స్ఫటికాలు కట్టడానికి ఓపిక కావాలి.

వచ్చింది టాగటోసేనా? బెనెడిక్ట్ పరీక్ష పనికిరాదు, రెండు చక్కెరలూ దానికి లొంగుతాయి. సెలివనాఫ్ పరీక్ష చేయండి: మరుగు నీళ్లలో పెట్టిన నిమిషం రెండు నిమిషాల్లో ఎర్రబడితే కీటోజ్ (టాగటోస్ ఈ రకం చక్కెరే, గెలాక్టోస్ కాదు) ఉన్నట్టే. అయితే ఇంకా మిగిలిన గెలాక్టోస్‌ని ఈ పరీక్ష పట్టివ్వదు, దానికి టీఎల్‌సీ (పలుచని పొర మీద పదార్థాల్ని విడదీసి చూసే పద్ధతి) ప్లేటు మీద రెండు చక్కెరల నమూనాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. రుచి చూసి తేల్చుకునే పని మాత్రం పెట్టుకోకండి, ల్యాబ్ గిన్నెలో చేసింది తినడానికి కాదు.