జబ్బుపడ్డ కుర్రాడికి బెనిఫిట్ షో చూపించాలంటే

మా అక్క కొడుక్కి 16 ఏళ్లు. లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. గుంటూరులో కీమో నడుస్తోంది. "ఏం కావాలిరా?" అని అడిగితే "ఏం వద్దు మావయ్యా, మందులకే బోలెడవుతోంది" అన్నాడు. నేరుగా అడిగితే అదే జవాబు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ పక్కన కూర్చుని వేరే కబుర్లు చెప్పండి. మావాడికి మూడో సీసా దగ్గర నోరు తెరుచుకుంది. ఫ్రెండ్సంతా బెనిఫిట్ షోకి వెళ్లి కాగితాలు ఎగరేసి వచ్చారట, తనొక్కడే మిగిలిపోయాడట.

బావ హీరోతో వీడియో చేయిద్దామన్నాడు, అక్క తిరుపతి అంది. అవి వాళ్ల కోరికలు. గుండుతో ఎవరికీ కనపడనని వాడు ముందే చెప్పాడు. "చివరి కోరిక" అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

పోలీసు కమిషనర్ కావాలనో, విమానం ఎక్కాలనో అడిగితే జబ్బుపడ్డ పిల్లల కోరికలు తీర్చే మేక్ ఎ విష్ సంస్థ వాళ్లున్నారు. 3 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలకి చేస్తారు. 2014లో హైదరాబాద్‌లో పదేళ్ల బాబుని ఒకరోజు కమిషనర్ కుర్చీలో కూర్చోబెట్టారు కూడా. మాది అంత పెద్ద కోరిక కాదు, కానీ జనంతో చిక్కు.

డాక్టరుగారిని "తీసుకెళ్లొచ్చా?" అని కాదు, "ఏ రోజుల్లో అయితే పర్లేదు?" అని అడగండి. కీమో ఎక్కించాక మామూలుగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ముందురోజు సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయించి రిపోర్టు ఆయనకి చూపించండి. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు, 500 లోపుంటే ఆ మాటే ఎత్తొద్దు. సినిమా రిలీజు మన రిపోర్టు కోసం ఆగదు కదా. ఒక సినిమా వదులుకున్నాం, రెండోది కుదిరింది.

రిపోర్టు బాగున్నా బెనిఫిట్ షో తోపులాటలోకి దింపలేం. అందుకని ప్రొజెక్టర్ క్యాబిన్. మా ఊరి థియేటర్ మేనేజరుతో రెండ్రోజుల ముందే మాట్లాడి, మెట్లెన్ని, బాత్రూం ఎంత దూరం అన్నీ చూసుకున్నాను. గదిలో ఆపరేటరు, వీడు, నేను, జలుబు లేదని ఖాయం చేసుకున్న ఫ్రెండొకడు, అంతే. అందరికీ మాస్కులు. షో టైముకి కేడీఎమ్ రాకపోతే సినిమా తెరుచుకోదు, అది కంప్యూటర్లో తాళంచెవి లాంటిది. మాకు నలభై నిమిషాలు ఆలస్యమైంది. దిండు, కాచి చల్లార్చిన నీళ్లు, ఇంట్లో చేసిన పులిహోర ఉండబట్టి సరిపోయింది. స్టెరాయిడ్ వారమైతే రెండింతలు కట్టండి, ఆ ఆకలి మామూలుది కాదు.

థర్మామీటర్ జేబులో ఉండాలి. 100.4 దాటితే సినిమా ఎక్కడుంటే అక్కడ వదిలేసి ఆసుపత్రికే. అడక్కుండా పారాసెటమాల్ వేయొద్దు, జ్వరం కప్పబడిపోతుంది. బయట ఆటో మాట్లాడి ఉంచాను, అవసరం పడలేదు.

తాళం తెరుచుకోగానే ఆపరేటరు పక్కకి జరిగి "నువ్వే నొక్కు తమ్ముడూ" అన్నాడు. నొక్కాడు. కింద హాలంతా ఒక్కసారి లేచింది. చిన్న కిటికీకి మొహం ఆనించి, ఎగురుతున్న కాగితాల్ని పైనుంచి చూశాడు.

సెకండాఫ్‌లో నిద్రపోయాడు. లేపలేదు. ఇంటికొచ్చాక క్లైమాక్స్ ఎవరైనా చెప్తే ఊరుకోనని అందరికీ వార్నింగ్ ఇచ్చాడు.