ముందు టైరు వింతగా అరుగుతోందా? కొత్తది కొనేముందు హ్యాండిల్ మెడ చూడండి

బండిని నెట్టే పని వెనక చక్రానిది. ముందు చక్రం దొర్లుతుంది, దారి చూపుతుంది, బ్రేకు వేసినప్పుడు భారం మోస్తుంది. అందుకే మామూలుగా ముందు టైరు వెనక టైరు కంటే చాలా ఎక్కువ కాలం వస్తుంది. అలాంటిది అదే ముందుగా పాడైనా, ఒక పక్కకే అరిగినా, గుంటలు గుంటలుగా తయారైనా లోపం చాలావరకు బండిలోనే ఉంటుంది. టైరు నాసిరకమని తిట్టుకుని కొత్తది వేయించి, ఆరు నెలల్లో అదే అరుగుదలతో మళ్లీ వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. పాత టైరును పారేయకముందు చదవండి. బండికి ఏమైందో దాని మీదే రాసి ఉంటుంది.

మొదట గాలి

ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే కాబట్టి మళ్లీ చెబుతున్నాను. గాలి కొలవకుండా మరే భాగాన్నీ విప్పవద్దు. చాలా 100–125 సీసీ బండ్లకు ముందు టైరులో ఉండాల్సింది 25 పీఎస్‌ఐ దరిదాపుల్లోనే. మీ బండికి ఎంతో ఛైన్ కవరు మీదో వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీదో ఉన్న స్టిక్కరులోను, బండితో ఇచ్చిన పుస్తకంలోను ఉంటుంది. టైరు పక్క గోడ మీద అచ్చు వేసిన అంకె ఆ టైరు ఓర్చుకోగల గరిష్ఠ పీడనం. దాన్ని చూసి గాలి పట్టకూడదు.

కొలవాల్సింది ఉదయం, బండి తీయకముందు. ఎండలో పది కిలోమీటర్లు నడిపి బంకులో కొలిస్తే వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది. ఎక్కువైందని తీయిస్తే, టైరు చల్లారాక ఉండాల్సినదానికన్నా తగ్గిపోతుంది. పైగా రెండు టైర్లకూ ఒకే లెక్కన 35 కొట్టి పంపేవారు ఉన్నారు. చిన్న గేజీ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి.

టైరును చేత్తో చదవడం

నడిమి పట్టీ మాత్రమే చదునుగా అరిగితే గాలి ఎక్కువగా ఉంటోంది, లేదా మీరు ఎప్పుడూ తిన్నటి హైవే మీదే తిరుగుతున్నారు. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ. ఈ రెండింటికీ మెకానిక్ అవసరం లేదు.

కుడి పక్క కాస్త ఎక్కువ అరిగితే కంగారు పడవద్దు. మన దేశంలో ఎడమ వైపున నడుపుతాం. నీళ్లు పోవడానికి రోడ్డును అంచు వైపు, అంటే మనకు ఎడమకు, వాలుగా వేస్తారు. బండి నిటారుగా ఉన్నా టైరు తన నడిమి గీతకు కొంచెం కుడిగా నేలను తాకుతుంది. అదీగాక కూడళ్లలో కుడి మలుపు ఎడమ మలుపు కంటే పొడవైనది. తేడా కొంచెమైతే అది రోడ్డు వల్ల వచ్చిందే. ఒక పక్క గీతలు చెరిగిపోయి రెండో పక్క కొత్తగా ఉంటే మాత్రం బండి ఎప్పుడైనా పడిందేమో గుర్తు చేసుకోండి. ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకునే ఫోర్క్ మెలిపడి ఉండవచ్చు, చక్రం వరుస తప్పి ఉండవచ్చు. ఛైన్ బిగించేటప్పుడు వెనక ఇరుసు దగ్గర రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఇక అరచేతిని టైరు మీద ముందుకూ వెనక్కూ నిమరండి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపపు పళ్లలా తగిలితే అది బ్రేకు వల్ల వచ్చే అరుగుదల. బ్రేకు పడినప్పుడల్లా ట్రెడ్, అంటే నేలను తాకే రబ్బరు, గడులు వంగి, ఒక అంచు ఎక్కువ రాసుకుంటుంది. ముందు టైరుకు ఇది కొంతవరకు సహజమే. గాలి తక్కువైతే త్వరగా ముదురుతుంది. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిశలోనే ఉందో లేదో ఒకసారి చూడండి. పంక్చరు వేయించాక తిరగేసి బిగించిన చక్రాలు నా దగ్గరికి చాలానే వచ్చాయి.

గుంటలు గుంటలుగా అరిగితే

టైరు చుట్టూ కొంత కొంత దూరానికి నొక్కినట్టు గుంటలు పడి, వేగం నలభై దాటగానే ఊఁ అని మోత వస్తూ, హ్యాండిల్ సన్నగా వణుకుతోందా? గాలి సరిగ్గానే ఉందా? ఇలాంటప్పుడు అందరూ చక్రం బ్యాలెన్సింగ్‌కు, ఆ తర్వాత ఫోర్క్ ఆయిల్‌కు పరుగెడతారు. అవి కూడా కారణాలే. కానీ నన్ను బాగా దెబ్బతీసింది కోన్ సెట్. హ్యాండిల్ తిరిగే మెడలో, పైన ఒకటి కింద ఒకటి ఉండే ఉక్కు గుండ్ల బేరింగు అది.

నా 150 సీసీ బండికి తొమ్మిది వేల కిలోమీటర్లకే ఇలా గుంటలు పడ్డాయి. టైరు మార్చాను. బ్యాలెన్స్ చేయించాను. ఫోర్క్ ఆయిల్, సీళ్లు కొత్తవి వేశాను. నాలుగు వేలు తిరగకముందే కొత్త టైరుకూ అవే గుంటలు. కోన్ సెట్‌ను అప్పటికే రెండుసార్లు పరీక్షించి, బాగుందని తేల్చేశాను. తప్పు ఆ పరీక్షలోనే జరిగింది. సైడ్ స్టాండ్ మీద, హ్యాండిల్ ఎడమకు తిరిగి ఉండగా ఊపి చూశాను.

బండి నడిచే సమయమంతా దాదాపు హ్యాండిల్ తిన్నగానే ఉంటుంది. గోతుల్లోనూ స్పీడు బ్రేకర్ల మీదా పడ్డ ప్రతి దెబ్బకూ గుండ్లు తాము కూర్చునే ఉక్కు గిన్నెలో, అంటే కప్పులో, అవే చోట్ల గుద్దుకుంటాయి. అక్కడ చిన్న చిన్న గాడులు పడతాయి. హ్యాండిల్ పక్కకు తిప్పితే గుండ్లు అరగని చోటికి ఎక్కి కూర్చుంటాయి, వదులు తెలియదు. తిన్నగా పెడితే గాడిలోకి దిగుతాయి, వదులు బయటపడుతుంది. ఆ వదులుతో బ్రేకు వేసినప్పుడల్లా ఫోర్క్ వెనక్కీ ముందుకూ కొట్టుకుంటుంది. చక్రం నేలను ఒకసారి గట్టిగా, ఒకసారి తేలిగ్గా పట్టుకుంటుంది. గుంటలు మొదలయ్యేది ఇలాగే. ఒకసారి పడ్డాక ఆ గుంటలే చక్రాన్ని మరింత అదిలిస్తాయి.

సరైన పరీక్ష ఇది. డబుల్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద ఒకరిని బరువు వేయమనండి. ముందు చక్రం గాలిలో ఉండాలి. హ్యాండిల్‌ను కచ్చితంగా తిన్నగా పెట్టి, ఫోర్క్ కాళ్లను ఇరుసు దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. అదే సమయంలో రెండో మనిషి వేలు మెడ కింద, ఛాసిస్‌కూ, ఫోర్క్ కాళ్లను కలిపి పట్టుకునే టీ ముక్కకూ మధ్య సందులో ఉండాలి. అక్కడ టక్కుమని కదిలితే కోన్ సెట్. అక్కడ కదలకుండా కాళ్లలో మాత్రమే ఆడితే ఫోర్క్ బుష్షులు. చక్రాన్ని పక్కలకు ఊపినప్పుడు ఆడితే వీల్ బేరింగు. ఆ తర్వాత హ్యాండిల్‌ను ఒక్క వేలితో మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. నడుమకు రాగానే టిక్కుమని ఆగినట్టు అనిపిస్తే గాడులు పడ్డట్టే, ఇక అనుమానం అక్కరలేదు.

దయచేసి ఈ దశలో నట్టు బిగించి సరిపెట్టుకోవద్దు. గాడి పడిన కప్పును నడుమ వదులు పోయేదాకా బిగిస్తే, పక్కకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. మెల్లగా వెళ్లేటప్పుడు బండి అటూ ఇటూ తూలుతుంది. ట్రాఫిక్‌లో అది ప్రమాదం. గుండ్లు, పై కప్పులు, కింది కప్పులు అన్నీ కలిపి మొత్తం సెట్ మార్చాలి. కొత్త కప్పులు వంకర లేకుండా సమంగా దిగాలి, గ్రీజు ధారాళంగా ఉండాలి. నట్టును ఉలి పెట్టి సుత్తితో కొట్టకుండా దానికి తగిన సీ-స్పానరుతోనే తిప్పించండి. గట్టిగా బిగించి కుదురుకోనిచ్చి, తర్వాత కొద్దిగా వదలాలి. పై బోల్టు బిగించాక లెక్క మారుతుంది కాబట్టి చివర్లో మళ్లీ పరీక్షించాలి. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. ఈ ఆఖరిది చాలామంది ఎగ్గొడతారు. కొత్త గుండ్లు కుదురుకుని కాస్త వదులు ఇవ్వడం మామూలే, అప్పుడు సరిచేయకపోతే వ్యవహారం మళ్లీ మొదటికి వస్తుంది.

అరుదైనవి

రిమ్ వంకర ఉంటే చక్రం తిప్పి చూడగానే తెలుస్తుంది. స్పోకులు వదులైతే బిగిస్తే సరి. టైరు మీద ఎక్కడైనా బుడిపె లేస్తే కారణం వెతకకండి, ఆ టైరుతో ఇంక నడపకండి.

బాగు చేశాక

గుంటలు పడిన టైరు తనంతట తాను బాగుపడదు. కోన్ సెట్ మార్చిన మర్నాడు కూడా మోత వస్తుంది. అది పాత గుంటల శబ్దం. మరమ్మతు పనిచేయలేదని మళ్లీ విప్పించకండి. ట్రెడ్ లోతు చట్టం ప్రకారం ద్విచక్ర వాహనాలకు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ట్రెడ్ గాడుల్లో ఉండే చిన్న గట్టు గుర్తు దాకా అరిగిన టైరును ఎలాగూ మార్చాలి. ఇంకా లోతు మిగిలి ఉంటే, చుట్టూ నాలుగు చోట్ల సుద్దతో గుర్తు పెట్టి లోతులు కొలిచి రాసుకోండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవండి. నాలుగు చోట్లా ఒకే మేర తగ్గితే బండి బాగుపడింది, మోత మాత్రమే మిగిలింది. గుంట ఉన్నచోట ఎక్కువ తగ్గితే మళ్లీ డబుల్ స్టాండ్ వేసి, హ్యాండిల్ తిన్నగా పెట్టి మొదలుపెట్టండి.