ముసలి హ్యామ్‌స్టర్‌ వెనక కాళ్లు ఈడుస్తుంటే

ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు, మా హ్యామ్‌స్టర్‌కు రెండేళ్లు దాటాయి. వాటి ఆయుష్షే రెండు మూడేళ్లు, అంటే ముసలమ్మే! వెనక కాళ్లు ఈడుస్తోందని బోనులో మెట్లు, అది పరిగెత్తే చక్రం తీసేశాం. నీళ్ల సీసా మాత్రం పైనే వదిలేశాం. పాపం, లేవలేక దాహంతో ఉండిపోయింది. పడుకున్నా నోటికందేలా దించండి. గింజలు పచ్చడి సీసా మూతలో పోస్తే చాలు. కింద టిష్యూ కాగితం చించి మందంగా పరవండి. దూది వద్దు, కాళ్లకు చుట్టుకుంటుంది. ఒళ్లు తనే శుభ్రం చేసుకోలేదు కాబట్టి తోక దగ్గర తడి చేరుతుంది. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. మన నెల్లూరు రోహిణి కార్తె ఎండలకు గోరంత కీరా ముక్క కూడా పెట్టండి. కాళ్లు ఒక్కసారిగా పడిపోతే మాత్రం వయసేలే అనుకోకుండా పశువుల డాక్టరుకి చూపించండి.