పిల్లల కారు సీటు, 3వ పాఠం: వెనక్కి చూసే సీటును కారు బెల్టుతో బిగించడం

వెనక్కి చూసే సీటు, అంటే బిడ్డ ముఖం కారు వెనక వైపు ఉండేలా పెట్టే సీటు, ఎక్కడ పెట్టాలో గత పాఠంలో చూశాం. వెనక వరుసలో పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఇప్పుడు దాన్ని కారు బెల్టుతో బిగిద్దాం. తొడల బెల్టు, భుజం బెల్టు రెండూ ఒకే దారిలో దూరే సీట్లకు ఈ పాఠం వర్తిస్తుంది. భుజం బెల్టు షెల్ (సీటు ప్లాస్టిక్ డొప్ప) వీపు చుట్టూ తిరిగి వచ్చే రకాలను 5వ పాఠంలో చూద్దాం.

కారుతో వచ్చిన పుస్తకం, సీటుతో వచ్చిన పుస్తకం రెండూ తెరిచి పక్కన పెట్టుకోండి. ఇక్కడ చెప్పినదానికీ వాటికీ తేడా వస్తే వాటి మాటే పాటించండి.

మొదట వాలు సరిచూడాలి. బండిని చదునైన చోట నిలపండి, లేకపోతే సీటు పక్కన వాలు చూపించే గీత గానీ బుడగ గానీ తప్పుడు లెక్క చూపిస్తుంది. మెడ నిలవని పసిబిడ్డకు సాధారణంగా నిటారు నుంచి 45 డిగ్రీల దాకా వాలు కావాలి. అంతకన్నా నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి మూసుకుపోవచ్చు. కూర్చోగలిగే బిడ్డకు తక్కువ వాలు చాలు. వాలు చాలకపోతే, సీటు పుస్తకం ఒప్పుకుంటేనే, కారు సీటు మడత దగ్గర, అంటే బిడ్డ పాదాల వైపు అడుగున, గట్టిగా చుట్టిన టవల్ పెట్టండి. బెల్టు బిగించాక వాలు కొంత మారుతుంది కాబట్టి చివర్లో మళ్లీ చూడాలి.

రెండు వైపులకూ తిప్పి వాడే సీట్లలో బెల్టుకు రెండు దారులుంటాయి. వెనక్కి చూసేటప్పుడు వాడాల్సినది బిడ్డ కాళ్ల దగ్గర ఉండేది. చాలా సీట్లలో దానికి నీలి గుర్తు, ముందుకు చూసేటప్పటి దారికి ఎర్ర గుర్తు ఉంటుంది. దారి తప్పితే ఎంత బిగించినా ప్రయోజనం లేదు. సరైన దారిలో బెల్టును మెలిక పడకుండా, అరచేత్తో సాపు చేస్తూ అవతలికి తీసి, బకిల్‌లో క్లిక్కుమనేలా పెట్టండి.

ఎక్కువ మంది తడబడేది ఈ తర్వాతి మెట్టు దగ్గరే. కారు బెల్టు మామూలుగా వదులుగానే కదులుతుంది, గట్టి కుదుపు వస్తేనే పట్టేస్తుంది. పెద్దవాళ్లకు అది చాలు. పిల్లల సీటుకు చాలదు. మలుపులకూ బ్రేకులకూ బెల్టు కొద్దికొద్దిగా జారి, ఉదయం బిర్రుగా ఉన్న సీటు సాయంత్రానికి ఊగుతుంది. అందుకే బెల్టును ఏదో ఒక చోట కదలకుండా లాక్ చెయ్యాలి. మీ కారు బెల్టు తానే లాక్ అవుతుందేమో చూడండి. భుజం బెల్టును మెల్లగా చివరిదాకా లాగి వెనక్కి వదలండి. టిక్ టిక్ మంటూ లోపలికి పోయి, మళ్లీ లాగితే రాకపోతే లాక్ అయినట్టే. కొన్ని బెల్టుల్లో ఈ పని బకిల్‌లోకి దూరే లోహపు నాలుకే చేస్తుంది. ఈ రెండూ లేకపోతే సీటు మీదే బెల్టును నొక్కి పట్టే ప్లాస్టిక్ బిగింపు ఉండాలి, దాన్ని లాకాఫ్ అంటారు. లాకాఫ్‌నూ కారు లాక్‌నూ కలిపి వాడవచ్చో లేదో సీటు పుస్తకం చెబుతుంది, కొన్ని తయారీ సంస్థలు వద్దంటాయి.

ఇక బిగింపు. అవసరమైన బలం మోకాలితో తొక్కేంత కాదు. బెల్టు దూరిన చోట సీటు లోపల అరచెయ్యి ఆనించి, ఒంటి బరువు కిందికి వెయ్యండి. రెండో చేత్తో ముందు తొడల బెల్టులోని వదులంతా భుజం బెల్టులోకి లాగండి, ఆ తర్వాత ఆ వదులును బెల్టు చుట్టకు, అంటే బెల్టును లోపలికి చుట్టుకునే భాగానికి, అప్పజెప్పండి. బెల్టును పైకి ఎత్తి లాగితే అంచుల దగ్గర ఒరుసుకుని ఆగిపోతుంది. అది వెళ్లే దారి వెంటే అడ్డంగా లాగితే సులువుగా వస్తుంది.

పరీక్ష బెల్టు దారి దగ్గరే చెయ్యాలి. మీకు వాటం కాని చేత్తో అక్కడ పట్టుకుని, కరచాలనం చేసినంత బలంతో పక్కలకూ ముందువెనకలకూ కదపండి. కదలిక 2.5 సెంటీమీటర్లు మించకూడదు. బిడ్డ తల ఉండే అంచును పట్టుకుని ఊపితే సీటు కదులుతుంది. అది సహజం, లోపం కాదు. ఆ కదలిక చూసి కంగారుపడి, సరిగ్గా ఉన్న బిగింపును విప్పకండి.

ఎంత లాగినా వదులు పోకపోతే బకిల్ వైపు వంగి చూడండి. బకిల్ కాడ పొడుగైతే బకిల్ వచ్చి సీటు ప్లాస్టిక్ అంచు మీద పడుతుంది. అక్కడ అది బెల్టును పూర్తిగా బిగియనివ్వదు, ప్రమాదంలో అంచు ఒత్తిడికి విరిగే ముప్పూ ఉంది. వెనక వరుసలోనే మరో చోటికి మార్చడం మేలు. సీటు భుజం బెల్టు వైపు పైకి లేచి ఒరిగిందా? లాక్ అయిన బెల్టు మరీ ఎక్కువగా లోపలికి లాగేసింది. విప్పేసి, భుజం బెల్టుకు బదులు తొడల బెల్టే బిర్రుగా ఉండేలా మళ్లీ మొదలుపెట్టండి.

కారు మెత్త అణిగి, వారం తిరిగేసరికి కొత్త బిగింపులో వదులు రావచ్చు. అప్పుడు మళ్లీ పరీక్షించి, అవసరమైతే బిగించండి.

అభ్యాసం: సీటును పూర్తిగా విప్పి, ఈ పాఠం చూడకుండా రెండుసార్లు బిగించండి. రెండోసారి బిడ్డను తీసుకెళ్లే మరొకరి చేత చేయించండి, పరీక్ష మాత్రం మీరు చెయ్యండి. వచ్చే పాఠం ఐసోఫిక్స్ కొక్కేల గురించి, అంటే బెల్టు లేకుండా సీటును కారులోని ఇనుప కడ్డీలకు తగిలించే కొక్కేల గురించి. బెల్టూ ఐసోఫిక్సూ కలిపి బిగిస్తే రెట్టింపు భద్రత అనుకోవద్దు, సీటు పుస్తకం స్పష్టంగా అనుమతిస్తే తప్ప ఒక్కటే వాడాలి. అప్పటిలోగా వెనక సీటు మడతలో వేళ్లు దూర్చి, రెండు ఇనుప కడ్డీలు తగులుతాయేమో చూసి ఉంచుకోండి.