రెండు కంటైనర్ల మధ్య రేకుల కప్పు వేయాలంటే ఏం చూసుకోవాలి?

రెండు 20 అడుగుల కంటైనర్లను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో 6 మీటర్లు వదిలి, పైన రేకులు వేస్తే మంచి వర్క్‌షాప్ షెడ్డు వస్తుంది. కప్పు బరువుకు కంటైనర్లు ఆగుతాయా అని అందరూ అడుగుతారు. ఆగుతాయి. అసలు భయం గాలితోనే.

ముందు గాలి లెక్క కట్టండి. కట్టడాల మీద పడే భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం గాలి వేగం విశాఖ, విజయవాడల్లో సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌లో 44. 50కి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. రేకులు, పర్లిన్లు (రేకుల కింద అడ్డంగా వేసే ఉక్కు కడ్డీలు), పైకెక్కే మనిషి, అన్నీ కలిపినా కిందికి పడే భారం 100 దాటదు. అంటే రెండు చివరలా తెరిచి ఉన్న ఈ షెడ్డు కూలడం కంటే లేచిపోవడమే తేలిక. 36 చదరపు మీటర్ల కప్పును గాలి 5.4 టన్నుల బలంతో ఎత్తుతుంది. ఖాళీ కంటైనరు ఒక్కోటి తూగేది 2.2 టన్నులే.

ఆ లాగుడు కంటైనరు లోపలి అంచు మీద పడుతుంది. ఒక్కో వైపు 2.7 టన్నులు. కంటైనరు బరువులో సగమే, అంటే 1.1 టన్నులే, ఆ అంచును పట్టి ఉంచుతుంది. మిగిలిన 1.6 టన్నులను లోపలి రెండు మూలల కింద నేలలో పోసే కాంక్రీటు దిమ్మెలు మోయాలి. భద్రత కలుపుకుంటే ఒక్కో దిమ్మె 90 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. అంత కాంక్రీటు దాదాపు 1.75 టన్నులు తూగుతుంది. బయటి మూలలకు 60 సెం.మీ. చాలు. నల్లరేగడి అయితే గట్టి మొరం తగిలేదాకా తవ్వాల్సిందే. దిమ్మెలో కడ్డీలతో దించిన ప్లేటుకు కంటైనరు మూలనుండే ఉక్కు దిమ్మను వెల్డ్ చేయండి. అంతకుముందే నీళ్ల పైపుతో లెవెల్ పట్టి, రెండు కర్ణాలు సమానంగా ఉన్నాయో లేదో కొలవండి.

కంటైనరు పైకప్పు 2 మి.మీ. రేకు మాత్రమే, దాని మీద ట్రస్ (కప్పును మోసే త్రికోణపు ఉక్కు చట్రం) కాలు పెట్టకూడదు. లోపలి అంచు పొడవునా మూల నుంచి మూలకు 100 మి.మీ. ఛానెల్ (సి ఆకారపు ఉక్కు దూలం) వేసి, ట్రస్‌లను దాని మీద బోల్టులతో బిగించండి. కంటైనరు మూలల ఉక్కు దిమ్మలు అంచు రైలు (గోడ పై అంచు వెంట ఉండే ఉక్కు కడ్డీ) కంటే సుమారు 6 మి.మీ. ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఛానెల్ కింద ఆ సందు మిగులుతుంది. ప్రతి ట్రస్ దగ్గర 6 మి.మీ. పట్టీ పెట్టి వెల్డ్ చేయకపోతే భారం గోడకు దిగదు. లోపలి గోడకు షట్టరు పెట్టే ఆలోచన ఉంటే కోయకముందే చుట్టూ బాక్స్ పైపు ఫ్రేమ్ కట్టాలి. ముడతల గోడ పోతే పైనున్న సన్నని రైలు ఒంగిపోతుంది.

ట్రస్‌లు నాలుగు, 2 మీటర్లకొకటి. వాలు 10 డిగ్రీలు, అంటే మధ్యలో 53 సెం.మీ. ఎత్తు. మధ్య ట్రస్ ఒక్కో చివర గాలి 900 కిలోలతో పైకి లాగుతుంది. పైపు సైజు లెక్కగట్టే స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఈ అంకె చెప్పండి. ఎక్కువ మంది పొరపాటు చేసేది ట్రస్ కింది కడ్డీ దగ్గరే. మామూలప్పుడు అది లాగుడులో ఉంటుందని సన్నని రాడ్డు వేస్తారు. గాలి ఎత్తినప్పుడు అదే కడ్డీ మీద నొక్కుడు పడుతుంది, రాడ్డు విల్లులా వంగుతుంది. అక్కడ పైపే వేసి, ట్రస్‌లన్నిటి కింది పైపులనూ అడ్డంగా ఒకదానికొకటి కలపాలి.

ట్రస్ ఒక చివర గుండ్రని రంధ్రాలు, రెండో చివర 30 మి.మీ. పొడుగు రంధ్రాలు పెట్టండి. ఎండకు ఉక్కు సాగేది 2 మి.మీ.లే, ఈ ఏర్పాటంతా ఒక కంటైనరు దిగబడితే తట్టుకోవడానికి.

వెల్డింగుకు ముందు పెయింటును మెరిసే ఉక్కు కనిపించేదాకా గ్రైండ్ చేయాలి. గోడకు లోపల థర్మోకోల్ గానీ ప్లైవుడ్ గానీ ఉంటే ముందు ఊడదీయండి. వెల్డింగ్ బయట జరుగుతుంటే లోపల ఎవరికీ తెలియకుండా నిప్పు రాజుకుంటుంది.

పర్లిన్ల మధ్య 1.2 మీటర్లకు మించకూడదు. చూరు, కొప్పు, చివరి అంచుల్లో రేకు ప్రతి మిట్టకూ స్క్రూ. మధ్యలో మిట్ట విడిచి మిట్టకు. రేకుల నీళ్లు కంటైనరు మీద పడకుండా ఛానెల్ వెంట గట్టరు పెట్టండి. ఆ పైకప్పు మీద నీరు నిలిస్తే తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే.