కొకుల్లో పాముల ఉత్సవాన్ని దర్శించే విధానం

ఇటలీలోని అబ్రుజ్జో కొండల్లో ఉన్న కొకుల్లో గ్రామంలో, 1031లో పరమపదించిన క్రైస్తవ సాధువు పునీత దొమెనికో పేరిట ఏటా మే 1న జరిగే ఉత్సవానికి వెళ్లదలచినవారు ఉదయమే చేరుకోవాలి, ఎందుకంటే ఇరుకు వీధులు త్వరగా నిండిపోతాయి. ముందుగా చర్చిలోని గంట గొలుసును పళ్లతో పట్టి లాగండి. అలా చేస్తే పంటినొప్పి దరిచేరదని భక్తుల విశ్వాసం. మధ్యాహ్నం చర్చిలో దివ్యబలిపూజ (మాస్ ప్రార్థన) ముగిశాక పునీతుని స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, వెలుపలికి తెస్తారు. అప్పుడు, 'సెర్పారి' అనే పాములవారు మార్చి నుంచి పట్టి జాగ్రత్తగా పెంచిన విషంలేని పాములను ఆ స్వరూపంపై దండల్లా వేసి ఊరేగిస్తారు. వాటిని తాకాలనిపిస్తే పాములవారి అనుమతి తీసుకొని, తల వైపు చేయి పోనీయకుండా నెమ్మదిగా పట్టుకోవాలి. మెడలో వేయించుకోవడం మాత్రం గుండెదిటవు ఉన్నవారికే తగినది. ఉత్సవానంతరం పాములను పట్టిన చోటనే విడిచిపెడతారు.